కంచె వెనక టోపీ

కిల్‌కారిన్,
అక్టోబరు ఆఖరి వారం

ఫెలిమ్ డెవానీకి,

"పోతే ఇద్దరం పోదాం, లేదంటే ఎవరమూ వద్దు." ఈ మాట అన్నది నువ్వు. రేవు గోడ మీద కూర్చుని, కాగితంలో చుట్టిన వేయించిన చేప తింటూ, నూనె చెయ్యి నా చొక్కాకు తుడిచి మరీ అన్నావు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళను ఏరుకుపోయే మనిషి ఇంగ్లండ్ నుంచి వస్తున్నాడని ఎవరికి ముందు తెలిస్తే, వాడు తెల్లారేలోగా రెండోవాడి కిటికీ తట్టాలి. ఇదీ ఒప్పందం. మనకు అప్పుడు పదిహేడేళ్ళు. ఆ మనిషి వచ్చాడు. నీకు ముందే తెలిసింది. నా కిటికీ ఎవరూ తట్టలేదు. ఆ ఆదివారం నేను పక్క ఊళ్ళో హర్లింగ్ పోటీలో బంతిని కొట్టే కర్ర పట్టుకుని బురదలో పరిగెడుతున్నాను. శుక్రవారానికల్లా నువ్వు లివర్‌పూల్ పడవలో ఉన్నావు.

ఇన్నేళ్ళ తర్వాత ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ప్రేమ పొంగి రాయడం లేదు. మన ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు మైదానానికి పడమటి వైపు జనం కూర్చోడానికి కొత్త స్టాండు కడుతున్నారు. దానికి నీ పేరు పెడతారట. మే నెలలో తెరుస్తారు. నీ జీవితం మీద ఒక వ్యాసం రాసి, ఆ రోజు వేదిక మీద చదవమని నన్ను అడిగారు. కార్యదర్శి నోరీన్ నా దగ్గర చరిత్ర చదువుకున్న పిల్ల. "ఆయనతో కలిసి ఆడినవాళ్ళలో మీరు తప్ప ఎవరూ మిగల్లేదు సార్" అంది. ఇదేం గౌరవమో నాకు అర్థం కాలేదు. శ్మశానంలో ఎన్నిక పెట్టి నన్ను గెలిపించినట్టుంది.

వ్యాసం కోసమని నీ ఆత్మకథ తెప్పించుకుని చదివాను. నీ ఆత్మకథ అంటే, ఎవడో పత్రికవాడు కూలికి రాసింది. రాజుల కొలువుల్లో కూలికి రాసిన చరిత్రలు నేను చాలా చదివాను. అవి కూడా ఇంతకన్నా మర్యాదగా అబద్ధమాడాయి. మొదటి అధ్యాయంలో "నాతో పాటు ఆడిన ఒక మంచి కుర్రాడు" అని ఒకడున్నాడు. వాడికి పేరు లేదు. ముఖం లేదు. ఎడమ కాలు కూడా లేదు. నాకు కోపమొచ్చి అంచున ఎర్ర సిరాతో "ఎవరు?" అని రాశాను, బడిలో రాసినట్టే.

నేను అడిగేది ఒక్కటే. శనివారం నీకు కబురు తెలిసింది. ఆదివారం నా కిటికీ ఎందుకు తట్టలేదు? ఇది చెబితే వ్యాసం రాస్తాను. చెప్పకపోతే నోరీన్ ఇంకెవరినైనా వెతుక్కోవాలి. వాళ్ళందరూ ఎక్కడున్నారో ఆ పిల్లకు తెలుసు.

ఓవెన్ టార్పీ

*

థోర్న్‌లీ,
నవంబరు

ఒరేయ్ ఓవెన్,

"నాన్నా, ఎవరో చిరునామా కూడా కోపంగా రాశారు" అని నా కూతురు ఊనా నీ ఉత్తరం తెచ్చి ఇచ్చింది. చూడకుండానే నువ్వని తెలిసిపోయింది. బతికున్నావన్నమాట. సంతోషం. తిట్టడానికి ఊపిరి ఉందంటే ఆరోగ్యంగానే ఉన్నావు.

ఆ పుస్తకం సంగతి నువ్వు చెప్పింది నిజం. అది నేను కూడా సగమే చదివాను. అందులో నేను చాలా మంచివాడిలా ఉంటే భయమేసి మూసేశాను.

వ్యాసానికి నీకు ముడిసరుకు కావాలి కదా, ఇవి రాసుకో. ఇక్కడికి వచ్చిన మొదటి శుక్రవారం, మా అద్దె ఇంటి ఆవిడ మిసెస్ ఆగ్డెన్ పళ్ళెం నిండా మాంసం కూర పెట్టింది. మన మతంలో శుక్రవారం మాంసం ముట్టరని ఆవిడకేం తెలుసు. ఆకలేసి తినేశాను. మర్నాడు పొద్దున్నే చర్చికి వెళ్ళి పాపం చెప్పుకున్నాను. జాలీ అవతల ఫాదర్ మన మేయో జిల్లా ఆయన. అంతా విని, "మాంసం సంగతి దేవుడు చూసుకుంటాడు గానీ, ఇవాళ మధ్యాహ్నం నిన్ను ఆడిస్తున్నారా లేదా?" అన్నాడు. ఆడించలేదు. రెండేళ్ళు పెద్దవాళ్ళ బూట్లు తుడిచాను. తర్వాత ఒకడి కాలు విరిగితే నాకు చోటు దొరికింది. అంతే, పదమూడేళ్ళు నన్నెవరూ కదల్చలేకపోయారు. దేశం తరఫున పదకొండు సార్లు ఆడాను. అందులో గెలిచింది రెండే, అది రాయకు.

మోకాలు పోయాక మేనేజర్నయ్యాను. మేనేజర్ అంటే ఏమిటో తెలుసా? పదకొండు మంది చేసిన తప్పుకు కోటు వేసుకుని నిలబడేవాడు. ఇక్కడి క్లబ్బు నన్ను తీసేసినప్పుడు ఎవరూ నాకు చెప్పలేదు. పాలవాడు చెప్పాడు. గుమ్మంలో నిలబడి, "పాపం సార్, రేపటి నుంచి ఒక సీసా సరిపోతుందా?" అన్నాడు.

ఇంకో మాట. ఇది వ్యాసానికి కాదు. ఆ రోజుల్లో తడిసిన తోలు బంతిని తలతో కొట్టేవాళ్ళం కదా, సుత్తిని కొట్టినట్టు ఉండేది. ఇన్నాళ్ళకు ఆ బంతి తిరిగి కొడుతోందని డాక్టరు అంటున్నాడు. మొన్న కెటిల్ తీసుకెళ్ళి బట్టల బీరువాలో పెట్టానట. వీధి పేరు మర్చిపోతున్నాను. పాతవి మాత్రం మెరుస్తున్నాయి. నీ చొక్కాకు చెయ్యి తుడిచింది కూడా గుర్తుంది. అది నీలం చొక్కా.

కిటికీ సంగతి వదిలెయ్యరా. గాలికి తలుపు పడిందనుకో. ఆ సంగతి నా ఒక్కడిదే కాదు, చెప్పడానికి.

ఫెలిమ్

*

కిల్‌కారిన్,
జనవరి

ఫెలిమ్,

నీ తల సంగతి చదివి బాధపడ్డాను. ఇది మర్యాదకు రాసిన వాక్యం కాదు, రెండు రోజులు పుస్తకం పట్టలేకపోయాను. కానీ బాధపడ్డానని వదిలిపెట్టను. ఇన్నాళ్ళూ నీ దగ్గర జవాబు ఉంది, నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, అది నీ దగ్గర్నుంచి జారిపోతోంది. అది పోయాక నేనెవరిని అడగను? నాకు భయమేస్తున్నది దానికే. చావుకు కూడా ఇంత భయపడటం లేదు.

"నా ఒక్కడిదే కాదు" అన్నావు. మరెవరిది? అప్పటివాళ్ళంతా మట్టిలో ఉన్నారు. వాళ్ళు నొచ్చుకోరు.

వ్యాసం మొదలుపెట్టాను, నీ కోసం కాదు, నా కోసం. ఈ కాలం పిల్లలకు చెబితే నవ్వుతారని తెలిసే మొదటి పేజీలో రాశాను. మన రోజుల్లో, హర్లింగ్ లాంటి మన దేశపు ఆటలు ఆడించే గేలిక్ సంఘంలో ఉన్నవాడు ఫుట్‌బాల్ ఆడకూడదు. అది పరాయివాళ్ళ ఆట. ఆడటమే కాదు, ఆడేచోట నిలబడి చూసినా సంఘంలోంచి వెలి. ఎవరు ఆడారో, ఎవరు చూశారో పేర్లు పంపడానికి ఒక నిఘా కమిటీ ఉండేది. అందులో ఎవరెవరున్నారో ఎవరికీ తెలియదు. ఊరంతటికీ ఫుట్‌బాల్ చూడటానికి అనుమతి ఉన్నవాడు ఆ గూఢచారి ఒక్కడే. ఇంతకన్నా గొప్ప హాస్యం నేను చదివిన ఏ దేశ చరిత్రలోనూ లేదు.

నీకేం, మీ నాన్న చేపల పడవ మనిషి, ఆయనకు ఏ ఆటైనా ఒకటే. మా నాన్న డెనిస్ టార్పీ. జిల్లాలో సగం మంది చేతుల్లో ఉన్న హర్లింగ్ కర్రలు ఆయన చెక్కినవే. యాష్ చెట్టు వేరు దగ్గర వంపు చూసి, అందులో ఏ కుర్రాడి కర్ర దాగుందో చెప్పేవాడు. ఆయన కొడుకు ఫుట్‌బాల్ ఆడుతున్నాడని తెలిస్తే ఇంకేమైనా ఉందా? అందుకే పత్రికలో జట్టు పేర్లు వేసేటప్పుడు నా పేరుండేది కాదు. నీ పేరు తర్వాత "మరొకడు" అని ఉండేది. ఒక వారం ఆ మరొకడు మూడు గోల్స్ కొట్టాడు. మా నాన్న అల్పాహారం దగ్గర అది పైకి చదివి, "ఎవడో గానీ గట్టివాడే" అని పేజీ తిప్పాడు. నా గొంతులో రొట్టె ముక్క ఇప్పటికీ దిగలేదు.

మన అదృష్టమేమిటంటే ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు. టోపీ పెట్టుకుని, జేబులో చాకు వేసుకుని, పడమటి పొలాల్లో చెట్లు చూసొస్తానని పోయేవాడు. ఆయన మలుపు తిరగగానే నేను బొగ్గుల కొట్లోంచి బూట్లు తీసేవాణ్ణి.

ఆ టోపీ గుర్తుందా? నాన్నది కాదు, కంచె వెనకది. మైదానం పడమటి వైపు ముళ్ళకంచె మీద ఒక టోపీ అంచు కనిపించేది, వానొచ్చినా మంచు పడినా. నిఘావాడు. ఆట అయిపోయాక బంతి కోసం అటు వెళ్తే గడ్డిలో తెల్లటి చెక్క పొట్టు ఉండేది. పడవలకు వడ్రంగం చేసే పాకీ లాలరే అని తేల్చాం. వాడి తలుపు సందులోంచి కుళ్ళిన మాకెరెల్ చేప తోసింది నువ్వు, కాపలా ఉన్నది నేను. వాడు నా పేరు ఎందుకు పంపలేదో మాత్రం నాకు అర్థం కాలేదు. ఇంకా పెద్ద చేప పడాలని ఆగాడేమో. పాకీ పోయినప్పుడు నేను శవపేటికకు భుజం పట్టలేదు. ఊరంతా పట్టింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను.

ఇంకొకటి కూడా రాసుకున్నాను. నువ్వు మేనేజరుగా ఇక్కడికి తిరిగొచ్చి రెండు సీజన్లు ఉన్నావు. మన ఊరికి ఎన్నడూ రాని కప్పు తెచ్చావు. ఆ రాత్రి జట్టును ఊరేగించిన బస్సు మా గేటు ముందునుంచే వెళ్ళింది. ఊరు ఊరంతా రోడ్డు మీదుంది. నువ్వు బస్సు పైన కప్పు పట్టుకుని నిలబడి, నా ఇల్లు రాగానే సముద్రం వైపు తిరిగావు. చీకట్లో సముద్రం ఏం కనిపించిందిరా నీకు?

ఓవెన్

*

థోర్న్‌లీ,
ఫిబ్రవరి

ఒరేయ్ ఓవెన్,

నీ ఉత్తరం బల్ల మీద ఉంది. మొత్తం చదివాను. మళ్ళీ చదివాను. చాలా బాగుంది. ఇక్కడ మంచు బాగా పడింది, ఊనా నన్ను బయటికి పోనివ్వడం లేదు. పోతే తిరిగి రావడం మర్చిపోతానని దాని భయం. నేను కూడా మేనేజరుగా కుర్రాళ్ళను ఇట్లాగే కట్టేశాను, ఇప్పుడు ఆ బాకీ తీరింది.

నేనిక్కడికి వచ్చిన కొత్తలో మిసెస్ ఆగ్డెన్ శుక్రవారం మాంసం పెట్టింది, ఈ సంగతి నీకు చెప్పానా? ఫాదర్ ఏమన్నాడో తెలుసా? చెబితే నవ్వుతావు. తర్వాత చెబుతాను.

రాత్రి కలలో మన మైదానం వచ్చింది. సముద్రపు గాలికి బంతి మన గోలు వైపే వచ్చేస్తుండేది కదా, రెండో సగంలో గాలి మనకు కలిసొచ్చేది. నువ్వు ఎడమ పక్క. నేను చూడకుండా తన్నేవాణ్ణి, నువ్వు అక్కడే ఉంటావని తెలుసు. ఇన్ని క్లబ్బుల్లో ఇంత మందితో ఆడాను గానీ, చూడకుండా ఎవరికీ తన్నలేదు.

మీ నాన్న ఎలా ఉన్నాడు? ఆయనకు నా మాటగా చెప్పు, ఈ చలిలో ఆ కంచె దగ్గర అంతసేపు నిలబడొద్దని. కావాలంటే ఇవతలికి వచ్చి చూడమను. మనవాళ్ళెవరూ ఏమీ అనరు. అక్కడ కూర్చుని కర్ర చెక్కుకుంటూ వేళ్ళు కోసుకుంటాడు, చూస్తుంటే నాకే భయమేస్తుంది.

ఊనా టీకి పిలుస్తోంది.

ఫెలిమ్

*

కిల్‌కారిన్,
మార్చి

ఫెలిమ్,

మా నాన్న పోయి యాభై ఏళ్ళు దాటింది. ఆయన అంత్యక్రియలకు నువ్వు థోర్న్‌లీ నుంచి పూలు పంపావు.

ఏ కంచె?

బాగున్న రోజు చూసి రాయి. ఊనాను పక్కన కూర్చోబెట్టుకో. తల నొప్పి పెడితే ఆపు, మర్నాడు మొదలుపెట్టు. నేను తిట్టను. ఈ ఒక్కదానికి తిట్టను.

ఓవెన్

*

థోర్న్‌లీ,
ఏప్రిల్

ఓవెన్,

ఇవాళ బాగుంది. పొద్దున్న లేవగానే వీధి పేరు చెప్పాను, ఊనా కాగితం తెచ్చి పెట్టింది. నువ్వు తిప్పి పంపిన నా ఉత్తరం నాకు చదివి వినిపించింది. నాకు తెలియకుండానే బయటపెట్టేశాను. పెట్టేశాక దాచి ఏం లాభం. ఆయనకు మాటిచ్చాను. ఇన్నేళ్ళు నిలబెట్టుకున్నాను. మాట నేను తప్పలేదు, నా తల తప్పింది. ఆయన అర్థం చేసుకుంటాడనుకుంటాను.

నేను వచ్చాన్రా. ఆ ఆదివారం వచ్చాను. ఇంకా వెలుతురు సరిగ్గా రాలేదు. చేతిలో చిన్న గులకరాయి ఉంది, నీ కిటికీకి విసురుదామని. మీ పెరట్లో షెడ్డు తలుపు తీసి ఉంది. లోపల మీ నాన్న స్టూలు మీద కూర్చున్నాడు. నిద్రపోయినట్టు లేడు.

"రారా డెవానీ" అన్నాడు. "ఆ రాయి కింద పడెయ్. అద్దం పగిలితే వాళ్ళమ్మ నన్ను తిడుతుంది."

రాయి పడేశాను. ఆయన నిఘా కమిటీలో మనిషి అని అప్పుడు చెప్పాడు. సంఘం వాళ్ళు నమ్మకమైన మనిషని ఆయనకే అప్పజెప్పారట. మొదటి ఆదివారం పేర్లు రాసుకుందామని కంచె దగ్గరికి వచ్చి నిన్ను చూశాడు. ఒక్క పేరు కూడా రాయలేదు. "తెలిసినవారెవరూ లేరు" అని పంపేవాడట, ప్రతి వారం. ఇక ఆ పని ఇంకొకరికి పోకుండా చూసుకున్నాడు. ఇంకొకడు వస్తే నీ పేరు పోతుంది. ఆయనకు చూసే వీలూ పోతుంది.

ఇంగ్లండ్ మనిషి వస్తున్నాడని కూడా ఆయనకు తెలుసు. పోస్టాఫీసులో విన్నాడు. నేను ఏమీ అడగలేదు, ఆయనే మాట్లాడుతూ పోయాడు. నేను అక్కడ ఉన్నానని మర్చిపోయినట్టు.

"హర్లింగ్‌లో వాడు మామూలోడు. నా కర్ర వాడి చేతిలో కట్టెపుల్ల. అది నాకు తెలుసు, వాడికీ తెలుసు, ఇద్దరం చెప్పుకోం" అన్నాడు. "కానీ ఆ ఎడమ కాలు చూశావా? పైనుంచి పడే బంతిని పసిబిడ్డను పొత్తిళ్ళలోకి తీసుకున్నట్టు తీసుకుంటాడు. అది ఎవరూ నేర్పింది కాదు."

చివరికి, "ఇంకొక్క సీజన్ ఆగనీరా వాణ్ణి. ఆ మనిషి మళ్ళీ వస్తాడు. అప్పుడు నేనే పంపిస్తాను. నాకింకా కళ్ళు నిండలేదు" అన్నాడు.

నేనేం అనాలి చెప్పు? పదిహేడేళ్ళవాణ్ణి. అంత పెద్దమనిషి నన్ను బతిమాలుతున్నాడు. "నేను చూస్తున్నానని వాడికి ఎప్పటికీ చెప్పొద్దు" అన్నాడు. సరే అన్నాను. చెయ్యి కలిపాను. ఆయన చెయ్యంతా చెక్క పొట్టు.

నిజం చెబుతున్నాను, ఇంటికి వస్తుంటే కొంచెం సంతోషమేసింది కూడా. ఆ మనిషి ఇద్దరిని చూస్తే ఒకణ్ణే తీసుకుంటాడేమో, ఆ ఒకడు నువ్వవుతావేమో అని నా లోపల ఎక్కడో ఉండేది. ఆ సంతోషం వల్లే నీ ముఖం చూడలేకపోయాను. బస్సు మీద సముద్రం వైపు తిరిగింది అందుకే. అక్కడ ఏమీ కనిపించలేదు, నువ్వన్నది నిజం.

ఆ మనిషి తర్వాతి ఏడాది మళ్ళీ వచ్చాడు. నీ గురించి నేనే చెప్పి పంపాను. వాడు తిరిగొచ్చి, ఎడమ పక్క ఆడే ఆ కుర్రాడు ఆట మానేశాడట అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎందుకు మానేశావురా?

మే నెలలో వస్తాను. ఊనా తీసుకొస్తుంది. అప్పటికి ఇది నాకు గుర్తుండకపోతే, ఈ ఉత్తరం నీ దగ్గర ఉంటుంది కదా.

ఫెలిమ్

*

కిల్‌కారిన్,
మే మొదటి వారం

ఒరేయ్ ఫెలిమ్,

నీ ఉత్తరం వచ్చిన రోజు మైదానానికి నడిచి వెళ్ళాను. నోరీన్ పనివాళ్ళు పెట్టుకునే గట్టి టోపీ ఇచ్చి లోపలికి రానిచ్చింది. స్టాండు దాదాపు అయిపోయింది. ముళ్ళకంచె పోయింది, వేళ్ళతో సహా పెకిలించేశారు. ఆ కంచె ఉన్న చోటే నీ పేరు పెడుతున్నారు. నేను సిమెంటు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. అక్కడినుంచి ఎడమ పక్క ఎంత బాగా కనిపిస్తుందో నాకు ఇంతకుముందు తెలియదు. నేనెప్పుడూ అటునుంచి చూడలేదు.

ఎందుకు మానేశానని అడిగావు. నీ మీద కోపంతో మానేశాను. నువ్వు పడవెక్కిన వారం బూట్లు రేవులోకి విసిరేశాను. ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఏదో యుద్ధాల పుస్తకం చదువుతున్నాను. మా నాన్న టోపీ పెట్టుకుని, చాకు జేబులో వేసుకుని గదిలోకి తొంగి చూశాడు.

"బయటికి పోవట్లేదేరా?" అన్నాడు.

లేదన్నాను. "వాన లేదు కదా" అన్నాడు. చదువుకుంటున్నానన్నాను. ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, వెళ్ళి టోపీ మేకుకు తగిలించాడు. ఆ రోజు చెట్లు చూడటానికి పోలేదు. తర్వాతి ఆదివారమూ అడిగాడు. ఆ తర్వాతదీ. చలికాలమంతా అడిగాడు. నన్ను పట్టుకోవాలని అడుగుతున్నాడనుకున్నాను. దొరకకూడదని ఇంకా గట్టిగా పుస్తకంలో తల పెట్టాను. అట్లా చదివి చదివి పండితుణ్ణయ్యాను. ఊరంతా మెచ్చుకున్న చదువు నాది. దాని పునాది ఏమిటో ఇప్పుడు తెలిసింది.

రెండు చలికాలాల తర్వాత ఊపిరితిత్తులకు జబ్బు చేసి పోయాడు. మంచంలో ఉండగా ఒకసారి నా ఎడమ పాదం పట్టుకుని, చల్లగా ఉంది, మేజోడు వేసుకో అన్నాడు. జ్వరంలో మాట అనుకున్నాను. మా నాన్న నా ఆట ఒక్కసారి కూడా చూడకుండా పోయాడని నేను యాభై ఏళ్ళుగా అనుకుంటున్నాను. నా పిల్లలకు కూడా అదే చెప్పాను.

నిన్న పాకీ లాలర్ సమాధి దగ్గరికి వెళ్ళి గడ్డి పీకి వచ్చాను. వాడి మనవడు అటు పోతూ, "ఏంటి మాస్టారూ, మా తాతతో రాజీకొచ్చారా?" అన్నాడు. వాడికేం తెలుసు. "మీ తాత మంచి వడ్రంగి" అన్నాను.

వ్యాసం అయిపోయింది. బాగుంది, నీ పుస్తకం కన్నా బాగుంది. మిసెస్ ఆగ్డెన్ మాంసం ఉంది, పాలవాడు ఉన్నాడు, కప్పు తెచ్చిన రాత్రి ఉంది. చూడకుండా తన్నిన బంతులు కూడా ఉన్నాయి. నువ్వు గెలిచింది రెండే అని కూడా రాశాను, వద్దన్నావు కాబట్టి. కంచె సంగతి అందులో లేదు. అది పదిమందిలో చదివేది కాదు. పత్రికలో "మరొకడు" అని పడిన ముక్క ఒకటి నా దగ్గర మిగిలి ఉంది, నువ్వొచ్చాక చూపిస్తాను. వేదిక మీద చదవడం అయ్యాక నేను కిందికి దిగి నీ స్టాండులో నీ పక్కన కూర్చుంటాను. నాన్న టోపీ ఇంకా మేకుకే ఉంది. అది పెట్టుకుని వస్తాను, నువ్వు నన్ను గుర్తుపట్టకపోయినా దాన్ని గుర్తుపడతావు.

రా. ఊనా చెయ్యి వదలకు.

కానీ ఒక మాట ముందే రాసి పెడుతున్నాను, వచ్చాక నీ ముఖం చూసి మెత్తబడతానేమో. తప్పు ఎవరిదని కూర్చుని చూసుకుంటూ ఒక్కొక్కరినే విడిచిపెట్టాను. పాకీ ఏ పాపం ఎరగడు. ఆ నియమం రాసిన పెద్దలు ఎప్పుడో పోయారు, నియమమూ పోయింది. మా నాన్న ఆశపడ్డాడు, అంతే. కొడుకును కంటినిండా చూసుకోవాలనుకున్న మనిషిని ఏ కోర్టులో నిలబెట్టను? కిటికీ తట్టకపోవడం కూడా వదిలేశాను. ఆ షెడ్డులో నేనున్నా సరే అనేవాణ్ణి.

నువ్వు థోర్న్‌లీలో బూట్లు తుడుస్తూ కూర్చున్న ఆ రెండు చలికాలాలున్నాయే, వాటిని వదలలేకపోతున్నాను. ఇక్కడ ఒక ముసలాయన ప్రతి ఆదివారం టోపీ పెట్టుకుని నా గుమ్మంలో నిలబడి, బయటికి పోవట్లేదేరా అని అడుగుతున్నాడు. ఎందుకు అడుగుతున్నాడో లోకంలో ఒక్క మనిషికి తెలుసు. ఒక్క ముక్క, "మీ నాన్న కంచె వెనక ఉంటాడు" అని రాసి పడేసి ఉంటే, నేను ఎవరివో బూట్లు అడుక్కుని అయినా వెళ్ళేవాణ్ణి. ఆయన కళ్ళు నిండేవి. ఇది నువ్వు మరిచిపోతే నేను మళ్ళీ చెబుతాను, ఎన్నిసార్లు మరిచిపోతే అన్నిసార్లు, మెల్లగా, పక్కన కూర్చుని. నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఒక్కణ్ణే, ఫెలిమ్ డెవానీని.